యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగష్టు) ప్రపంచ ప్రసిద్ధి చెందిన తెలుగు వైద్యుడు, జీవరసాయన శాస్త్రవేత్త. ప్రాణుల కణాలన్నిటికీ శక్తిని అందించే ఎ.టి.పి. (అడినోసిన్ ట్రైఫాస్ఫేట్) అనే పదార్థాన్ని హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నాడు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి వీరిద్దరి పేరు మీదనే ఉంది. తరువాత లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనాధిపతిగా ఫోలిక్ ఆమ్లం, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, రక్తకాన్సరుకు వాడిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మొదలైన ఔషధాలు వెలువడడానికి కారకుడయ్యాడు. వీటిలో మెథోట్రెక్సేట్ కీళ్ళను, ఎముకలను తినివేసే రుమటాయిడ్ కీళ్ళవాతానికి నేడు ప్రధాన ఔషధంగా ఉన్నది. ఆ ఉపయోగం సుబ్బారావు జీవితకాలంలో ఎవరికీ తెలియదు.

బాల్యం

సుబ్బారావు నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో ఒక నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. తండ్రి అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం మానుకోవలసి రావడంతో, పిల్లలు ఎక్కువగా ఉన్న ఆ ఇంటికి ఇబ్బందులు తప్పలేదు. సుబ్బారావుకు చిన్నతనంలో చదువు మీద కంటె డబ్బు సంపాదన మీద మనసు ఎక్కువగా ఉండేది. 13 ఏళ్ళ వయసులో, కాశీకి వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనవంతుడు కావాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో వేసింది. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. తండ్రి మరణించిన తరువాత కూడా చదువు ఆగకుండా పట్టుబట్టినది తల్లే.

ఆ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. ఆ రోజులలో రామకృష్ణ మిషన్ ప్రభావానికి లోనై సన్యసించాలని కోరుకున్నాడు. తల్లి అనుమతించలేదు. సన్యాసం కుదరకపోతే రోగులకు సేవ చేయవచ్చునని భావించి మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. 1919లో ఆయనకు శేషగిరితో వివాహమైంది. వైద్య విద్యకు, తరువాత అమెరికా ప్రయాణానికి మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఇచ్చిన ఆర్థిక సహాయం ఎంతగానో ఉపకరించింది.

వైద్య విద్య, స్ప్రూ వ్యాధి

గాంధీజీ పిలుపు విని సుబ్బారావు విదేశీ వస్త్రాలను వదిలి, శస్త్రచికిత్స తరగతులకు సైతం ఖద్దరు ధరించి వెళ్ళేవాడు. ఇది శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్‌కు నచ్చలేదు. ఇతర విషయాలలో మంచి మార్కులు వచ్చినా, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే చేతికి వచ్చింది. దానితో ప్రభుత్వ వైద్య సర్వీసు దారి మూసుకుపోయింది. ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరాడు.

ఈ కాలంలోనే ఆయన కుటుంబంలో పెద్ద విషాదం జరిగింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే వ్యాధికి బలి అయ్యారు. ఉష్ణమండల దేశాలలో కనిపించే ఈ వ్యాధిలో ప్రేగులు ఆహారసారాన్ని గ్రహించలేవు. ఎడతెగని విరేచనాలు, నాలుక పూత, తీవ్రమైన రక్తహీనతతో రోగి కృశించిపోతాడు. కారణమేమిటో, మందేమిటో అప్పటి వైద్యులకు తెలియదు. సుబ్బారావుకు కూడా ఈ వ్యాధి సోకగా లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడని చెబుతారు. స్ప్రూ రోగులలో లోపించే ముఖ్య పదార్థాలలో ఒకటి ఫోలిక్ ఆమ్లమని పాతికేళ్ళ తరువాత తేలింది. దానిని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు సుబ్బారావే కావడం ఆయన జీవితంలోని విశేషం.

ఉష్ణమండల వ్యాధుల అధ్యయనం కోసం అమెరికా వెళ్ళాలన్న కోరిక ఈ నేపథ్యంలో బలపడింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సహాయంతో, మామగారి సొమ్ముతో 1920ల తొలినాళ్ళలో ఆయన బోస్టన్ చేరుకున్నాడు. శేషగిరి భారతదేశంలోనే ఉండిపోయింది. వారికి పుట్టిన కుమారుడు ఏడాది నిండకుండానే మరణించాడు. కొన్నేళ్ళలో తిరిగి వస్తానని వెళ్ళిన సుబ్బారావు మళ్ళీ స్వదేశాన్ని గాని, భార్యను గాని చూడలేదు.

హార్వర్డులో పరిశోధనలు

హార్వర్డు ఉష్ణమండల వైద్య పాఠశాలలో రిచర్డ్ స్ట్రాంగ్ వద్ద డిప్లొమా చదువుతున్న రోజులలో పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రి కూలి పని చేశాడు. మలమూత్ర పాత్రలు శుభ్రం చేయడం కూడా ఆ పనిలో భాగమే. తరువాత హార్వర్డు వైద్య కళాశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే వద్ద చేరాడు.

1925లో ఫిస్కే, సుబ్బారావు ప్రకటించిన పద్ధతి చూడడానికి సాదాసీదాగా కనిపిస్తుంది. రక్తంలోని గాని, మూత్రంలోని గాని ఫాస్ఫేటును ఆమ్ల మాధ్యమంలో మాలిబ్డేటుతో కలిపి, ఒక క్షయకరణ పదార్థాన్ని చేరిస్తే నీలి రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే రంగు అంత చిక్కగా ఉంటుంది. రంగును కొలిస్తే భాస్వరం పరిమాణం తెలుస్తుంది. మానవ దేహంలోని భాస్వరంలో సుమారు 85 శాతం ఎముకలలో, దంతాలలోనే ఉన్నందువల్ల, రికెట్స్ వంటి ఎముకల వ్యాధులలోను, మూత్రపిండాల వ్యాధులలోను ఈ పరీక్ష వైద్యులకు వెంటనే పనికివచ్చింది. జీవరసాయన విద్యార్థులు దశాబ్దాల పాటు ప్రయోగశాలలో నేర్చుకున్న మొదటి పద్ధతులలో ఇది ఒకటి.

దీనిని కండరాల మీద ప్రయోగించినప్పుడు ఒక వింత కనబడింది. కండరాల రసంలో నీలి రంగు ఒక్కసారిగా రాకుండా, నిమిషాలు గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది. ఏదో ఒక అస్థిరమైన పదార్థం పరీక్షనాళికలోనే విడిపోతూ భాస్వరాన్ని వదులుతున్నదని దీని అర్థం. పరీక్షలో వచ్చిన లోపంగా కొట్టిపారవేయకుండా వెంటబడిన ఫలితంగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. బ్రిటన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా ఇంచుమించు అదే సమయంలో ఈ పదార్థాన్ని గుర్తించారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు ఎ.టి.పి.ని ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా అదే ఏడాది దానిని కనుగొన్నాడు. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి సిద్ధాంతానికి 1922 నోబెల్ బహుమతి కూడా లభించి ఉంది. ఈ రెండు పదార్థాల ఆవిష్కరణతో ఆ సిద్ధాంతం నిలువలేకపోయింది.

1930లో సుబ్బారావు పిహెచ్.డి. పొందాడు. అయినా హార్వర్డులో శాశ్వతమైన ఆచార్య పదవి దక్కలేదు. ఫిస్కే తన ప్రయోగశాలలోని ఫలితాలను ప్రచురించడంలో మహా జాగు చేసేవాడు. ఆ కాలంలో అక్కడ విద్యార్థిగా ఉండి తరువాత 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు వెలుగు చూడకపోవడం వల్ల ఇతరులు వాటిని మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని అభిప్రాయపడ్డాడు. సుబ్బారావు స్వభావం కూడా దీనికి కొంత తోడైంది. తన పేరును ముందుకు తోసుకొనే అలవాటు ఆయనకు లేదు.

లెడర్లీలో ఫోలిక్ ఆమ్లం

1926లో జార్జ్ మైనట్, విలియమ్ మర్ఫీ మొండి రక్తహీనతకు కాలేయాన్ని ఆహారంగా ఇచ్చి నయం చేయవచ్చని చూపిన తరువాత, కాలేయంలోని ఆ గుణకారి ఏమిటన్నది పెద్ద ప్రశ్నగా మారింది. సుబ్బారావు 1930లలో కాలేయ రసాన్ని భాగాలుగా విడదీసే పని చేపట్టాడు. అంతకు ముందే, బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను అధ్యయనం చేసిన లూసీ విల్స్ 1931లో ఈస్టు సారంలో ఒక గుణకారి ఉన్నదని తెలిపింది. 1941లో పాలకూరను పోలిన స్పినాచ్ ఆకుల నుండి వేరుచేసిన అలాంటి పదార్థానికే, ఆకు అనే అర్థం గల లాటిన్ పదం ఆధారంగా ఫోలిక్ ఆమ్లం అని పేరు వచ్చింది.

1940లో సుబ్బారావు హార్వర్డును విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు. ఇది అమెరికన్ సయనమిడ్ కంపెనీకి చెందినది. త్వరలోనే మొత్తం పరిశోధనకు అధిపతి అయ్యాడు. విశ్వవిద్యాలయంలో ఒంటరిగా చేయలేని పనిని ఇక్కడ రసాయన, సూక్ష్మజీవ, జంతు శాస్త్రజ్ఞుల బృందాలతో ఏకకాలంలో సాగించే వీలు కలిగింది. 1943లో స్టోక్‌స్టాడ్ శుద్ధమైన పదార్థాన్ని వేరుచేశాడు. 1945లో యాంజియర్ మొదలైన 16 మంది శాస్త్రవేత్తలు దాని నిర్మాణాన్ని తేల్చి కృత్రిమంగా తయారుచేసినట్లు ప్రకటించారు. వెనువెంటనే టామ్ స్పైస్ తదితరులు స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా రక్తం వేగంగా కోలుకున్నది. అయితే మైనట్, మర్ఫీల మొండి రక్తహీనతకు అసలు మందు ఇది కాదు. అది బి12 విటమిన్ అని 1948లో తేలింది. సుబ్బారావు వెదికినది ఒకటి, దొరికినది మరొకటి.

నేడు భీమవరం మొదలుకొని బొగ్గుగనుల రామకృష్ణాపూర్ వరకు ఏ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనైనా గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. గర్భం తొలివారాలలో ఇది చాలకపోతే శిశువు వెన్నుపాములో లోపం ఏర్పడే అవకాశం ఎక్కువ.

ఫోలిక్ ఆమ్ల విరోధులు

బోస్టన్ బాలల ఆసుపత్రిలో వ్యాధినిర్ధారణ శాస్త్రజ్ఞుడైన సిడ్నీ ఫార్బర్, రక్తకాన్సరు గల పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలను ఇచ్చి చూశాడు. వ్యాధి తగ్గకపోగా ముదిరినట్లు కనిపించింది. అప్పుడు ఆలోచన తలక్రిందులైంది. ఫోలిక్ ఆమ్లం కాన్సరు కణాలను పెంచుతున్నట్లయితే, దానిని పోలి ఉండి దాని స్థానాన్ని ఆక్రమించే దొంగ అణువు వాటిని ఎండగడుతుంది కదా. అటువంటి అణువుల తయారీలో సుబ్బారావు బృందం అప్పటికే నిమగ్నమై ఉంది. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ 1947 చివరి నుండి వాడాడు. చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా అణగిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. కొన్ని నెలల తరువాత వ్యాధి తిరగబెట్టినప్పటికీ, మందుతో రక్తకాన్సరును లొంగదీయడం సాధ్యమని మొదటిసారిగా నమ్మకం కలిగించినది ఈ ఫలితమే.

అమినోప్టెరిన్‌కు ఒక మిథైల్ సమూహం చేరిస్తే మెథోట్రెక్సేట్ వస్తుంది. దీనిని మొదట అమెథోప్టెరిన్ అనేవారు. విషగుణాన్ని అదుపులో ఉంచడం తేలిక కావడంతో క్రమంగా ఇదే వాడుకలో నిలిచింది. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్‌జ్ గర్భాశయంలో వచ్చే కోరియోకార్సినోమా అనే కాన్సరును దీనితో నయం చేయగలిగారు.

ఇతర ఔషధాలు

రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో ఆ వ్యాధికి మందు అవసరమైంది. 1947లో లెడర్లీ ప్రకటించిన డైఇథైల్ కార్బమజీన్ (హెట్రజాన్) ఇందుకు సమాధానం. బోదకాలు నిర్మూలన కోసం భారతదేశంలో 2004లో మొదలైన సామూహిక మందుల పంపిణీలో ఇచ్చినది ఈ మాత్రనే. కోస్తా జిల్లాలలోను, తెలంగాణలో కరీంనగర్, నల్గొండ వంటి ప్రాంతాలలోను దీనిని డి.ఇ.సి. మాత్రగా ప్రజలు ఎరుగుదురు.

వృక్షశాస్త్రజ్ఞుడైన బెంజమిన్ డగ్గర్ లెడర్లీలో మిస్సోరీ మట్టి నుండి వచ్చిన సూక్ష్మజీవిలో కనుగొన్న ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబానికి మొదటి సభ్యురాలు. 1948 జూలైలో దీనిని లోకానికి ప్రకటించారు. 1994లో సూరత్ ప్లేగు భయం వ్యాపించినప్పుడు జనం మందుల దుకాణాలలో ఎగబడి కొన్నది ఈ కుటుంబానికి చెందిన మాత్రలనే. టెట్రాసైక్లిన్‌లకు కాల్షియంతో కలిసే గుణం ఉంది. అందువల్ల ఎదిగే పిల్లల దంతాలు వీటి వల్ల పసుపుబారతాయి. ఇదే గుణాన్ని ఎముకల నిపుణులు తమ పనికి వాడుకున్నారు. కొన్ని రోజుల ఎడంతో రెండుసార్లు ఈ మందు ఇస్తే కొత్తగా ఏర్పడిన ఎముకలో రెండు మెరిసే గీతలు పడతాయి. వాటి మధ్య దూరాన్ని బట్టి ఎముక ఎంత వేగంగా పెరుగుతున్నదో లెక్కకట్టవచ్చు.

మరణం

1948 ఆగష్టులో సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి మరణించాడు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. 1946లో వచ్చిన చట్టం భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే వీలు కల్పించినా, ఆయన దానిని స్వీకరించకుండానే మరణించాడు. ఫార్బర్ ఫలితాలు వెలువడి అప్పటికి రెండు నెలలే అయింది. ఆరియోమైసిన్ ప్రకటన వచ్చి వారాలే గడిచాయి.

కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్

రుమటాయిడ్ కీళ్ళవాతంలో దేహాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ళ మీద దాడి చేస్తుంది. వ్రేళ్ళ కణుపులు, మణికట్లు, మోకాళ్ళు వాచి, ఉదయం లేవగానే బిగుసుకుపోతాయి. కీలు లోపలి పలుచని పొర మందమై మృదులాస్థి మీదికి ప్రాకి, అంచున ఉన్న ఎముకను కొరికివేస్తుంది. చికిత్స లేకపోతే వ్రేళ్ళు శాశ్వతంగా వంకర పోతాయి.

1951లో రిచర్డ్ గబ్నర్ బృందం కొద్దిమంది కీళ్ళవాత రోగులకు, సొరియాసిస్ రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చి మేలు కలిగిందని వ్రాసింది. దానిని వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు. సుబ్బారావు మరణించిన మరుసటి నెలలో, అంటే 1948 సెప్టెంబరులో, మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ ఒక కీళ్ళవాత రోగికి కార్టిజోన్ ఇవ్వగా మంచం పట్టిన మనిషి నడవగలిగింది. 1950లో నోబెల్ బహుమతి కూడా రావడంతో అందరి దృష్టి కార్టిజోన్ మీదనే నిలిచింది. ఎక్కువకాలం వాడితే అది ఎముకలను గుల్లబరుస్తుందని తెలియడానికి కొంత సమయం పట్టింది. కాన్సరు మందును కాన్సరు లేని రోగికి ఇవ్వడానికి వైద్యులు జంకడం కూడా మెథోట్రెక్సేట్ ఆలస్యానికి కారణమే. 1980లలో జరిగిన నియంత్రిత పరీక్షలు, ముఖ్యంగా 1985లో మైఖేల్ వైన్‌బ్లాట్ బృందం ప్రకటించిన ఫలితాలు సందేహాలను తొలగించాయి. 1988లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కీళ్ళవాతానికి దీనిని అనుమతించింది.

కాన్సరుకు గ్రాముల లెక్కన కూడా ఇచ్చే ఈ మందును కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి, సాధారణంగా 7.5 నుండి 25 మిల్లీగ్రాముల వరకు మాత్రమే ఇస్తారు. వారానికి ఒకసారి వేసుకోవలసిన దానిని పొరపాటున రోజూ వేసుకొని మూలుగ దెబ్బతిని మరణించినవారు ఉన్నారు. అందుచేత ఏ వారం రోజున వేసుకోవాలో చీటీ మీద స్పష్టంగా వ్రాయడం అవసరం. నోటిపూత, వికారం, కాలేయ సమస్యలు తగ్గడానికి వేరొక రోజున ఫోలిక్ ఆమ్లం మాత్రను కూడా ఇస్తారు. ఒకే రోగి మందుల చీటీలో సుబ్బారావు బృందం తయారుచేసిన విటమిను, దాని విరోధి రెండూ ఉంటాయన్నమాట.

వాపును రేపే సంకేతాలు ఎక్కడ పుడతాయి

ఈ మందు ఏ శత్రువుతో పోరాడుతున్నదో 1980ల తరువాతనే స్పష్టమైంది. కణాలు ఒకదానికొకటి పంపుకొనే చిన్న ప్రోటీన్లను సైటోకైన్లు అంటారు. వాచిన కీలులో టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-17 అనేవి ముఖ్యమైనవి. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ వీటిలో టి.ఎన్.ఎఫ్. కీలకమని చూపి, దానిని అడ్డగించే చికిత్సకు 1990లలో దారి వేశారు.

ఇవన్నీ ఒకే రకం కణం నుండి రావు. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-1 లను ప్రధానంగా స్థూలభక్షక కణాలు (మాక్రోఫేజులు) విడుదల చేస్తాయి. వాటి ప్రేరణతో కీలుపొరలోని ఫైబ్రోబ్లాస్టు కణాలు ఇంటర్‌ల్యూకిన్-6ను గుప్పిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-17 ఒక తరగతి టి-కణాల నుండి వస్తుంది. ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టులు సైతం ఊరకే చూస్తూ కూర్చోవు. టి.ఎన్.ఎఫ్. తగిలితే అవి కూడా ఇంటర్‌ల్యూకిన్-6ను తయారుచేస్తాయి.

ఎముకను కరిగించే పని ఆస్టియోక్లాస్టు కణాలది. ఇవి మాక్రోఫేజుల వంశానికి చెందినవే. మూలుగలో పుట్టి, ర్యాంక్-లైగాండ్ అనే సంకేతం అందితే ఒకదానితో ఒకటి కలిసిపోయి, పెక్కు కేంద్రకాలు గల పెద్ద కణాలుగా మారి, ఆమ్లాన్ని, ఎంజైములను స్రవించి ఎముకలో గుంటలు చేస్తాయి. ఈ సంకేతాన్ని, దానిని దారి మళ్ళించే ఆస్టియోప్రొటెజెరిన్ అనే మరొక ప్రోటీనును 1997-98లో గుర్తించారు. ర్యాంక్-లైగాండ్ మూలం విషయంలో శాస్త్రజ్ఞుల అభిప్రాయం మారుతూ వచ్చింది. 1999 ప్రాంతంలో కీళ్ళవాతంలో దోషమంతా టి-కణాలదని భావించారు. 2011లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలు, ఆరోగ్యవంతమైన పెద్ద ప్రాణిలో ఎముక లోపల పూడి ఉండే ఆస్టియోసైటు కణాలే దీనికి ముఖ్య మూలమని చూపాయి. వాచిన కీలులో మాత్రం కీలుపొర ఫైబ్రోబ్లాస్టులదే పెద్ద వాటా అని 2016 నాటికి తేలింది. మూలం తెలిస్తేనే చికిత్సకు గురి కుదురుతుంది. టి.ఎన్.ఎఫ్.ను అడ్డగించే ఖరీదైన మందుల ప్రయోజనం మెథోట్రెక్సేట్ జతగా ఉన్నప్పుడు సాధారణంగా పెరుగుతుంది. అందుకే నేటికీ చాలామంది రోగులకు చికిత్స దీనితోనే మొదలవుతుంది.

ఎ.టి.పి. మళ్ళీ రంగంలోకి

కాన్సరులో మెథోట్రెక్సేట్ పని సులభంగానే అర్థమవుతుంది. ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకొనే ఎంజైమును బంధించి, విభజన చెందే కణానికి డి.ఎన్.ఎ. ముడిసరుకు అందకుండా చేస్తుంది. కీళ్ళవాతంలో ఇచ్చే కొద్దిపాటి మోతాదుకు ఈ వివరణ చాలదు. పైగా ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇచ్చినా వాపు మీద దాని ప్రభావం దాదాపు తగ్గదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ క్రాన్‌స్టైన్ 1990ల నుండి చేసిన పరిశోధనలు వేరొక దారిని చూపాయి. మెథోట్రెక్సేట్ కణంలోనికి చేరి గ్లుటమేటు గొలుసు తగిలించుకొని చాలాకాలం అక్కడే ఉండిపోతుంది. వారానికి ఒక్క మోతాదు చాలడానికి ఇదొక కారణం. అక్కడ మరొక ఎంజైమును అడ్డుకొనడంతో, ఐకార్ అనే మధ్యస్థ పదార్థం పేరుకుపోయి, చివరకు కణం వెలుపల అడినోసిన్ పెరుగుతుంది.

ఈ అడినోసిన్ చాలావరకు కణాల నుండి వెలుపలికి వచ్చిన ఎ.టి.పి., దాని సంబంధిత అణువులు విడిపోవడం వల్ల వస్తుంది. మూడు ఫాస్ఫేటులను ఒక్కొక్కటిగా కణాల ఉపరితలం మీది ఎంజైములు తెంచివేయగా మిగిలేది అడినోసిన్. అది మాక్రోఫేజు మీది గ్రాహకాలకు తగిలి టి.ఎన్.ఎఫ్. ఉత్పత్తిని తగ్గిస్తుంది. ఆస్టియోక్లాస్టులు ఏర్పడడాన్ని కూడా మందగింపజేస్తుందని ఎలుకలలో కనిపించింది. చివరి ఫాస్ఫేటును తెంచే ఎంజైము లేని ఎలుకలలో మెథోట్రెక్సేట్ వాపును తగ్గించలేకపోయింది. మనుషులలో ఇది ఒక్కటే మార్గమని చెప్పలేము. కణాల లోపలి ఇతర సంకేత మార్గాల మీద కూడా దీని ప్రభావం ఉన్నదని తరువాతి పరిశోధనలు చెబుతున్నాయి. అయినా, 1929లో సుబ్బారావు కండరంలో చూసిన అణువు, 1940లలో ఆయన బృందం తయారుచేసిన మందు పనిచేయడానికి కావలసిన ముడిసరుకుగా తేలడం శాస్త్ర చరిత్రలో అరుదైన సంగతి.

మెథోట్రెక్సేట్ ఎముకకు ఎల్లప్పుడూ మిత్రుడని కూడా అనుకోరాదు. రక్తకాన్సరు పిల్లలకు దీర్ఘకాలం పెద్ద మోతాదులలో ఇచ్చినప్పుడు ఎముకల నొప్పి, పగుళ్ళు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. వారపు చిన్న మోతాదులో అటువంటి హాని చాలా అరుదు.

గుర్తింపు

సుబ్బారావుకు నోబెల్ బహుమతి రాలేదు. లెడర్లీ పత్రాలలో చాలాచోట్ల రచయితల జాబితాలో చివరనో, మధ్యలోనో ఆయన పేరు ఉంటుంది. కొన్నింట అసలే ఉండదు. ఆయన జీవితాన్ని, లేఖలను సేకరించి ఎస్.పి.కె. గుప్తా జీవితచరిత్ర వ్రాసిన తరువాతనే భారతదేశంలో ఆయన గురించి విస్తృతంగా తెలిసింది. 1953లో హెసెల్టిన్ ఒక కొత్త శిలీంధ్ర ప్రజాతికి ఆయన పేరిట సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశాడు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలాబిళ్ళను విడుదల చేసింది. మెథోట్రెక్సేట్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో కాన్సరు విభాగంలోను, కీళ్ళ వ్యాధుల విభాగంలోను రెండుచోట్ల ఉన్నది.